పెట్టె సర్దడం, పని సర్దడం



పోయిన నెలలో ఒక ఆదివారం కేరమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయానికి వెళ్ళాం. దర్శనం అయ్యాక ఎప్పటిలాగే అందరం క్యాంటీన్ దగ్గర చేరాం. మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళ కష్టసుఖాలు సగం ఆ బల్లల మీదే తేలతాయని మీకు తెలిసిందే. అక్కడ ఒక కుర్రాడు, కొత్తగా వచ్చినవాడు, నన్ను పట్టుకున్నాడు. "అన్నా, మీరు ఇథియోపియాలో పాఠాలు చెప్పారట కదా. మా బావగారు కూడా అక్కడే లెక్చరరు. తొమ్మిదేళ్ళయింది. ఈ ఏడాదితో ముగించేసి వచ్చేస్తున్నారు. వచ్చేముందు ఏమేం చూసుకోవాలో కాస్త చెప్పండి" అన్నాడు.

నేను వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాను. అనుభవ పత్రం, పోలీసు సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, రావలసిన జీతం... పక్కనే ఇడ్లీ తింటున్న మాస్టారు ఒకాయన అందుకున్నారు. ఆయన నైజీరియాలో చాలాకాలం లెక్కలు చెప్పి వచ్చిన మనిషి. మేమంతా మాస్టారనే పిలుస్తాం. "అవన్నీ పెట్టె సర్దుకోవడం గురించయ్యా. పని సర్దడం గురించి కూడా చెప్పు. నేను పెట్టె ఒకటే సర్దుకుని వచ్చాను. అది ఇప్పటికీ తొలుస్తూనే ఉంటుంది" అన్నారు.

ఆ మాట పట్టుకుని నాలుగు ముక్కలు చెబుదామని ఇవాళ మీ ముందుకి వచ్చాను.

అసలు మనవాళ్ళు ఇథియోపియా దాకా పాఠాలు చెప్పడానికి ఎందుకు వెళతారని కొందరికి అనుమానం రావచ్చు. ఇది కొత్త సంగతేమీ కాదు. 1941లో ఇటలీ ఆక్రమణ నుంచి బయటపడ్డాక హైలే సెలాసీ చక్రవర్తి తన దేశంలో బడులు తెరిపించి, బయటి దేశాల నుంచి ఉపాధ్యాయులను రప్పించారు. అందులో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఆ తరం ఇథియోపియన్లలో లెక్కలో, సైన్సో భారతీయ టీచరు దగ్గర నేర్చుకోనివాళ్ళు తక్కువ. 1974 విప్లవం తర్వాత ఆ రాకపోకలు బాగా తగ్గాయి. మళ్ళీ 2000 తర్వాత రెండో అల వచ్చింది. 1990ల దాకా ఆ దేశంలో చెప్పుకోదగ్గ విశ్వవిద్యాలయాలు రెండే, అడిస్ అబాబాలో ఒకటి, అలెమాయాలో ఒకటి. 2015 నాటికి ఆ సంఖ్య ముప్ఫై దాటింది. పైగా చేరే ప్రతి వందమందిలో డెబ్భైమంది సైన్సు, ఇంజనీరింగ్ వైపే వెళ్ళాలని ప్రభుత్వం నియమం పెట్టుకుంది. భవనాలు కట్టడం తేలిక, పాఠం చెప్పేవాళ్ళు దొరకద్దూ? అందుకని మన దేశం నుంచి వందలాదిగా అధ్యాపకులను తీసుకున్నారు. తెలుగువాళ్ళు అందులో బాగానే ఉండేవారు. అటునుంచి ఇటు కూడా ఒక దారి పడింది. అక్కడి యువ అధ్యాపకులు ఎందరో పై చదువులకి విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. బీచ్ రోడ్డులో సాయంత్రంపూట ఇథియోపియా వాళ్ళు కనిపించడం విశాఖవాసులకి మామూలే.

నాది తెనాలి దగ్గర పల్లె. ఎం.టెక్. అయ్యాక ఏడాదిపాటు మన దగ్గరే ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేశాను. నెలనెలా జీతం కోసం ఎదురుచూడటం తప్ప అక్కడ నేర్చుకున్నది తక్కువ. 2011 సెప్టెంబరులో దక్షిణ ఇథియోపియాలోని ఒక ఊళ్ళో కంప్యూటర్ సైన్స్ లెక్చరరుగా చేరాను. రెండేళ్ళు ఉందామని వెళ్ళినవాణ్ణి ఏడేళ్ళు ఉన్నాను.

మొదటి వారంలోనే ఒక తప్పు చేశాను. రేపు క్లాసు రెండింటికి అన్నారు. మధ్యాహ్నం భోంచేసి, టై కట్టుకుని రెండింటికి వెళితే గది ఖాళీ. అక్కడ గడియారం పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మన ఏడు వాళ్ళకి ఒకటి. రెండు అంటే పొద్దున్న ఎనిమిది అన్నమాట. పిల్లలు పొద్దున్నే వచ్చి, గంటసేపు కూర్చుని పోయారు. మన పంచాంగంలోనూ రోజు సూర్యోదయంతోనే కదా మొదలయ్యేది, నేను మరిచిపోయాను, వాళ్ళు మరిచిపోలేదు అనుకుని సర్దిచెప్పుకున్నాను.

కాలెండరు కూడా అంతే. ఏడాదికి 13 నెలలు. 12 నెలలకి ముప్ఫయ్యేసి రోజులు, మిగిలిన అయిదో ఆరో రోజులు పదమూడో నెల. సంవత్సరం మనకంటే ఏడో ఎనిమిదో వెనక. నేను దిగిన రోజున అక్కడ 2004 అప్పుడే మొదలయింది. ఇరవైనాలుగేళ్ళవాణ్ణి విమానం దిగేసరికి పదిహేడేళ్ళవాణ్ణయ్యానని మా అమ్మతో ఫోన్లో చెబితే ఎంత నవ్విందో. ఈ కాలెండరు తమాషా చివర్లో నన్ను ఎలా ఏడిపించిందో తర్వాత చెబుతాను.

వాళ్ళ అక్షరాలు చూసినప్పుడు మాత్రం ప్రాణం లేచివచ్చింది. పక్కింటి పాప పలక పట్టుకుని "హ, హు, హి, హా, హే..." అని వల్లిస్తోంది. అచ్చం మన గుణింతమే. ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. ముప్ఫైమూడు అక్షరాలు, ఏడు వరసలు. తెలుగు గుణింతం చదివినవాడికి అమ్హారిక్ లిపి నెల రోజుల పని. తిండి సంగతీ అంతే. తెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసిన ఇంజెరా మన దోసెకి పెద్దన్న. బుధ, శుక్రవారాలు అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు. ఆ రెండు రోజులూ శాకాహారికి ఏ హోటల్లో చూసినా పండగే. పప్పులూ కూరలూ నాలుగైదు రకాలు ఇంజెరా మీద వడ్డించి ఇస్తారు. పక్కన కూర్చున్నవాళ్ళు ఒక ముద్ద చేసి మన నోట్లో పెడతారు. దాన్ని గుర్షా అంటారు. పరాయి దేశంలో పరాయి చెయ్యి నోటికి ముద్ద అందిస్తే కళ్ళు చెమ్మగిల్లనివాడు ఉంటాడా!

సరే, ఇక అసలు సంగతికి వస్తాను.

మా డిపార్ట్‌మెంటుకి ఒక ల్యాబ్ ఉండేది. నేను వెళ్ళినప్పుడు నలభై కంప్యూటర్లలో పదమూడు పనిచేసేవి. వాటిని బాగుచేశాను. పాతవి రెండు కలిపి ఒక సర్వరు తయారుచేశాను. ఇంటర్నెట్ ఒకపూట ఉంటే ఒకపూట ఉండేది కాదు. అందుకని కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, వికీపీడియాని ఇంటర్నెట్ లేకుండానే ల్యాబులో చదువుకునేలా చేశాను. ప్రోగ్రామింగ్ పుస్తకాలు, వీడియో పాఠాలు సెలవులకి ఇండియా వచ్చినప్పుడల్లా హార్డ్ డిస్కు నిండా నింపుకుని వెళ్ళేవాణ్ణి. 2016 మే నెలలో అక్కడ పన్నెండో తరగతి జాతీయ పరీక్ష పేపరు బయటికి వచ్చి పరీక్ష ఆగిపోయింది. జూలైలో మళ్ళీ పెట్టినప్పుడు సోషల్ మీడియాని దేశమంతా ఆపేశారు. అక్టోబరులో అత్యవసర పరిస్థితి వచ్చి, ఫోన్లలో ఇంటర్నెట్టే పోయింది. ఆ రోజుల్లో కూడా మా ల్యాబులో పాఠం ఆగలేదు. నాకు మహా గర్వంగా ఉండేది. ఏది చెడినా "ఇండియన్ టీచర్ ఉన్నాడుగా" అనేవారు. సర్వరు పాస్‌వర్డులు నా బుర్రలో, తాళాలు నా జేబులో. సెలవులకి ఇంటికి వెళితే ల్యాబు కూడా సెలవు తీసుకునేది.

అది మెప్పు అనుకున్నాను. తప్పు అని తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

2017 అక్టోబరులో ఇథియోపియా ప్రభుత్వం తన కరెన్సీ బిర్ విలువను 15 శాతం తగ్గించింది. డాలరుకి 23 చిల్లర ఉన్నది ఒక్క రోజులో 27 దగ్గరికి పోయింది. నా జీతంలో కొంత భాగం బిర్లలోనే వచ్చేది. ఇంటికి పంపే డబ్బు ఆ మేరకు తరిగింది. మా పాపకి అప్పటికి రెండేళ్ళు దాటాయి, బడి గురించి ఆలోచించాలి. ఆస్ట్రేలియాకి ముందే అర్జీ పెట్టుకుని ఉన్నాం. 2018 ఫిబ్రవరిలో వీసా వచ్చింది. ఆగస్టు మొదటి వారంలోగా దేశంలో అడుగుపెట్టాలని అందులో రాసి ఉంది. ఇంకేముంది, ఎగిరి గంతేశాం. ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కలు వేసుకుంటూంటే అప్పుడు తట్టింది. ఆ ఏడాది గొడవల వల్ల సెమిస్టరు వెనక్కి జరిగింది. నా దగ్గర పదకొండు ఫైనలియర్ ప్రాజెక్టులున్నాయి. వాటి ఆఖరి పరీక్ష ఆగస్టు మధ్యలో. అంటే నేను లేనప్పుడు.

మర్నాడు డిపార్ట్‌మెంటులో చెప్పాను. అభినందనలు చెప్పారు. క్లాసులో చెబితే ఎవ్వరూ మాట్లాడలేదు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. అప్పటికే ఒక ఏడాది తప్పి మళ్ళీ చదువుతున్న పిల్ల. తండ్రి లేడు, తల్లి సంతలో కాఫీ అమ్ముతుంది. "టీచర్, మరి మా ప్రాజెక్టు ఎవరు చూస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. "చూద్దాం, ఏదో ఒక ఏర్పాటు చేస్తాను" అన్నాను.

మా డిపార్ట్‌మెంటులో ఒక యువ లెక్చరరు ఉండేవాడు. ఆ ఊరివాడే. మూడేళ్ళు విశాఖపట్నంలో ఉండి ఎం.టెక్. చేసుకుని వచ్చాడు. తెలుగు కొంచెం వచ్చు. పెసరట్టు అంటే ప్రాణం. మా ఇంటికి వస్తే మా ఆవిడని "వదినగారూ" అని పిలిచేవాడు. అతన్ని పిలిచి, ల్యాబూ, ప్రాజెక్టులూ చూసుకోవాలి, సాధ్యమేనా అని అడిగాను. అతను నవ్వాడు. "వైజాగ్‌లో నేను అన్నిటికంటే ముందు నేర్చుకున్న తెలుగు మాట ఏమిటో తెలుసా? 'తర్వాత చూద్దాం.' ఏ ఆఫీసుకి వెళ్ళినా అదే. ఇక్కడికి తిరిగొచ్చాక కూడా ఆ మాట మరిచిపోకుండా మీరు చూసుకున్నారు. సర్వరు పని నేర్పమని రెండేళ్ళలో ఎన్నిసార్లు అడిగాను? ప్రతిసారీ తర్వాత చూద్దాం అన్నారు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అతను ఊరుకోలేదు. మర్యాదగానే, నెమ్మదిగానే అన్నాడు. "మీరు వచ్చి ఏడో ఏడు. మేం ఎన్నో ఏట నేర్చుకోవాలనుకున్నారు?"

కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. ఇంత చేస్తే ఇదా మాట అనుకున్నాను. ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ వంకాయ తరుగుతూ, తలెత్తకుండా, "అబద్ధం ఏముంది అందులో?" అంది.

మిగిలిన అయిదు నెలలూ ఏం చేశామో చెబుతాను. ఎవరికైనా పనికొస్తుందని.

మొదటిది, నా బుర్రలో ఉన్నదంతా కాగితం మీద పెట్టడం. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. సర్వరు ఆగితే ఏం చెయ్యాలి, కరెంటు పోయి వస్తే ఏది ముందు వెయ్యాలి, ఏ స్విచ్ ఏ గదిది, అన్నీ రాశాను. రాసినదాన్ని నేను చదివి వినిపించలేదు. అతనికిచ్చి, నేను గది బయట నిలబడ్డాను. అతను దాన్ని చూసి పని చెయ్యాలి, ఆగినచోట నా రాత తప్పన్నమాట. మొదటి రోజు పదిహేడు చోట్ల ఆగాడు.

రెండోది, పాస్‌వర్డులు మార్చడం. కొత్తవి అతనే పెట్టుకున్నాడు. నాకు చెప్పవద్దని నేనే అన్నాను. ఆ పూట ఇంటికి వచ్చేటప్పుడు జేబులో తాళాలు లేక నడక కూడా వింతగా అనిపించింది.

మూడోది, అన్నిటికంటే కష్టమైనది. అతను పాఠం చెబుతుంటే నేను వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చోవడం. మొదటి క్లాసులో రెండు చోట్ల తప్పు చెప్పాడు. చెయ్యి ఎత్తబోయి ఆపుకున్నాను. మూడో క్లాసులో ఒక సంగతి జరిగింది. ఇథియోపియాలో ప్రైమరీ చదువు మాతృభాషల్లో సాగుతుంది. తొమ్మిదో తరగతి నుంచీ బోధన ఇంగ్లీషులో. యూనివర్సిటీకి వచ్చేసరికి పిల్లలకి సబ్జెక్టు ఒక బరువు, ఇంగ్లీషు ఇంకో బరువు. నా క్లాసుల్లో చివర్లో "అర్థమయిందా?" అని అడిగితే అందరూ తలలూపేవారు. అతను మాత్రం పాఠం ఇంగ్లీషులోనే చెప్పి, చివర్లో అమ్హారిక్‌లో "ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగాడు. ఒక్కసారి పదిహేను చేతులు లేచాయి. ఆ వెనక బెంచీ అమ్మాయి అయితే బోర్డు దగ్గరికే వెళ్ళిపోయింది. నేను రెండు నెలల కిందట చెప్పిన సంగతి మీదే అడుగుతోంది. అంతకాలం తెలిసినట్టే తల ఊపింది పాపం.

ఏడేళ్ళు నా క్లాసుల్లో నిశ్శబ్దాన్ని నేను అర్థం కావడం అనుకున్నాను. అది మర్యాద మాత్రమే. మన ఊళ్ళల్లో ఇంగ్లీషు మీడియం క్లాసుల్లో వెనక కూర్చుని తల ఊపిన పిల్లలు మనలో ఎంతమంది లేరు? నేనూ ఊపినవాణ్ణే. అయినా గుర్తుపట్టలేకపోయాను.

ఇక కాగితాల సంగతి. శ్రోతల్లో ఎవరి బంధువులైనా అక్కడ ఉంటే ఇది గమనించండి. వెళ్ళిపోయే ఉద్యోగి చేత అక్కడ ఒక ఫారం మీద లైబ్రరీ, స్టోరు, ఖజానా, ఇల్లు ఇచ్చిన విభాగం, అన్నిటి సంతకాలూ పెట్టించుకుని రమ్మంటారు. మన కాలేజీల్లో నో డ్యూస్ లాంటిదే. దీనికి కనీసం మూడు వారాలు పెట్టుకోండి. సంతకం చెయ్యవలసిన మనిషి ఏదో ఒక ట్రైనింగుకి వెళ్ళే ఉంటాడు.

అనుభవ పత్రం తీసుకునేటప్పుడు తారీకులు చూసుకోండి. నాకు మొదట ఇచ్చిన పత్రంలో 2004 మెస్కెరెమ్ నెల నుంచి 2010 హమ్లె నెల దాకా పనిచేశాడని ఉంది. వాళ్ళ కాలెండరు ప్రకారం అక్షరాలా నిజం. మన లెక్కలో 2004లో నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను! ఆస్ట్రేలియాలో ఆ కాగితం చూసినవాళ్ళు నన్ను అబద్ధాలకోరు అనుకోరూ? రెండు కాలెండర్ల తేదీలూ పక్కపక్కన వేయించి మళ్ళీ సంతకం తీసుకున్నాను. దానికి పది రోజులు.

ఆస్ట్రేలియా వీసాకి, పదహారేళ్ళు దాటాక గత పదేళ్ళలో మొత్తం పన్నెండు నెలలకి తక్కువ కాకుండా ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు. అక్కడ ఉండగానే తీసుకోండి. దేశం విడిచాక అదే కాగితానికి తతంగం పెరుగుతుంది. రావలసిన డబ్బు డాలర్లలోనా, బిర్లలోనా, ఏ రోజు రేటుకి అనేది రాతపూర్వకంగా ఉంచుకోండి. 2024 జూలైలో బిర్ మారకపు రేటును మార్కెట్‌కి వదిలేశాక, డాలరుకి 57 దగ్గర ఉన్నది ఆ ఏడాది చివరికి నూరు దాటేసింది. బకాయి బిర్లలో ఉండిపోయినవాళ్ళ సంగతి ఊహించుకోండి. ఎంత తొందరగా ఉన్నా నోట్లు మార్చుకోవడానికి వీధి బేరాలకి పోవద్దు. వెళ్ళేముందు కేసు పడితే ఏడేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది.

బయలుదేరే ముందు ఆదివారం ఆ యువ లెక్చరరు వాళ్ళమ్మగారు మమ్మల్ని కాఫీకి పిలిచారు. అక్కడ కాఫీ అంటే మనలా గబగబా తాగి లేచేది కాదు. నేల మీద పచ్చగడ్డి పరుస్తారు. సాంబ్రాణి వేస్తారు. పచ్చి గింజలు మన ఎదురుగానే వేయించి, ఆ పొగ అందరికీ చూపిస్తారు. దంచి, నల్లమట్టి కూజాలో కాచి, చిన్నచిన్న సినీలలో పోస్తారు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. బెరెకా అంటే దీవెన. మూడోది తాగకుండా లేస్తే ఇంటివాళ్ళ మనసు కష్టపెట్టినట్టే.

ఏడేళ్ళలో ఎన్నో ఇళ్ళకి వెళ్ళాను గానీ ఎప్పుడూ ఏదో పని ఉందని రెండో కప్పుకే లేచేవాణ్ణి. ల్యాబు, సర్వరు, నేను లేకపోతే నడవదు అనే ధీమా. ఆవేళ మూడోది తాగేదాకా కూర్చున్నాను. ఆ పెద్దావిడ మా పాప నోట్లో గుర్షా పెట్టి, కొడుకుతో ఏదో అంది. ఏమన్నారని అడిగాను. "ఇన్నాళ్ళకి ఈయనకి తీరిక దొరికింది అంటోంది" అన్నాడు.

ప్రాజెక్టు పిల్లలు స్టేషనుకి వచ్చారు. బస్సు కదిలేముందు ఆ వెనక బెంచీ అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చి, "టీచర్, పరీక్ష రోజు ఫోన్ చేస్తాం, ఏదైనా ఆగిపోతే చెప్పాలి" అంది. తప్పకుండా అన్నాను. జూలై నెలాఖరు అది. ఇద్దరు ముగ్గురు కలిసి ఇచ్చిన కాఫీ గింజల మూట ఒకటి తేవాలని ఎంత ఉన్నా, ఇరవైమూడు కిలోల పెట్టెల్లో చోటు లేక పుస్తకాలు తీసేసి దాన్ని పెట్టాం. తీరా ఆస్ట్రేలియా విమానాశ్రయంలో పచ్చి గింజలు లోపలికి రావని తీసేసుకున్నారు. మా గోంగూర మొక్కలు మాత్రం ఆ పెద్దావిడ దొడ్లో వదిలి వచ్చాం.

ఆగస్టులో పరీక్ష రోజున నేను మెల్‌బోర్న్‌లో చలికి వణుకుతూ, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగలేదు. మధ్యాహ్నం దాటింది, రాత్రయింది, మోగలేదు. ఏమైందోనని నేనే చేశాను. యువ లెక్చరరు ఎత్తాడు. వెనక నుంచి పాటలు, చప్పట్లు. "అన్నీ అయిపోయాయి. పదకొండూ గట్టెక్కాయి. ఆ అమ్మాయిది అన్నిటికంటే బాగుంది. సర్వరు ఒకసారి ఆగింది, మీ నోటుపుస్తకం నలభైరెండో పేజీ చూసి లేపాం. మీకు చెయ్యడం మరిచిపోయాం, ఏమీ అనుకోకండి" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, మనసు కొంచెం చిన్నబోయింది. పట్టుమని మూడు వారాలు కాలేదు, అప్పుడే మరిచిపోయారా అనిపించింది. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాక బోధపడింది. నా ఏడేళ్ళ ఉద్యోగంలో నాకు దక్కిన మంచి మార్కు ఆ మోగని ఫోనే.

2020 నవంబరులో అక్కడ టిగ్రాయ్ ప్రాంతంలో యుద్ధం వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో పిల్లల్ని దేశం నలుమూలల నుంచీ పంచుతారు. ఆ పదకొండు ప్రాజెక్టుల పిల్లల్లో ఒకడు మెకెల్లె వాడు. ఫోన్లు, ఇంటర్నెట్ తెగిపోయి చాలాకాలం అతని కబురే లేదు. 2022 నవంబరులో ప్రిటోరియాలో శాంతి ఒప్పందం అయ్యాక, కొన్ని నెలలకి ఒక చిన్న సందేశం వచ్చింది. "టీచర్, ఉన్నాను. ఇక్కడ బడిలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నోటుపుస్తకం ఒకటి రాస్తున్నాను" అని. ఇంత మాటకి ఏం జవాబు రాయాలో తెలియక "గోబెజ్" అని ఒక్క మాట రాశాను. అక్కడ పిల్లల్ని మెచ్చుకునేటప్పుడు అనే మాట అది, మన 'భేష్' లాంటిది.

ఇంతకీ క్యాంటీన్లో మాస్టారు అన్న మాట మిగిలిపోయింది కదా. తర్వాత ఆయన్ని ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి అడిగాను. 1976లో నైజీరియా అందరికీ ప్రాథమిక విద్య అని పెద్ద పథకం మొదలుపెట్టింది. చమురు డబ్బు ఉన్న రోజులు. మన దేశం నుంచి ఎంతోమంది టీచర్లు అక్కడి బడుల్లో చేరారు. మాస్టారూ అలాగే వెళ్ళారు. చమురు ధర పడిపోయి, 1986లో నైరా విలువ ఒక్కసారి కుంగిపోయేసరికి జీతం చేతికి వచ్చినా ఇంటికి పంపడానికి మిగలని పరిస్థితి. టర్ము మధ్యలోనే వచ్చేశారు. "పిల్లలకి చెప్పి రాలేదయ్యా. సోమవారం క్లాసు ఉందని వాళ్ళు వచ్చి కూర్చునే ఉంటారు. నా తర్వాత ఎవరొచ్చారో, అసలు వచ్చారో లేదో తెలియదు. వాళ్ళకిప్పుడు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. నాకు మాత్రం ఇంకా ఆ బెంచీల మీదే కూర్చుని కనిపిస్తారు" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి. నాకు అయిదు నెలల గడువు దొరికింది, ఒక స్నేహితుడు మొహం మీద నిజం చెప్పాడు. ఆయనకి ఆ రెండూ దొరకలేదు. అంతే తేడా.

ఇప్పుడు నేను ఇక్కడ కన్సల్టెంటుని. ఏడాదికో చోట పని. ప్రతిచోటా చివరి రెండు వారాలు పని అప్పగింతకని ఒప్పందంలోనే రాసి ఉంటుంది. నేను మాత్రం మొదటి రోజే ఒక నోటుపుస్తకం తెరుస్తాను. తోటివాళ్ళు నవ్వుతారు, వచ్చిన రోజే పోయే ఏర్పాటేమిటని. ఇథియోపియాలో నేర్చుకున్నానని చెబుతాను.

ఆ కుర్రాడి బావగారు ఈ మాటలు వింటున్నారో లేదో తెలియదు. వింటూంటే మాత్రం, బావగారూ, కాగితాల జాబితా మీ బావమరిదికి రాసి ఇచ్చాను. దానికి ముందు ఇంకొక్క పని చెయ్యండి. మీ డిపార్ట్‌మెంటులో మిమ్మల్ని మళ్ళీమళ్ళీ అడిగి, మీ చేత తర్వాత చూద్దాం అనిపించుకున్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. రేపు పొద్దున్నే ఆయన్ని పిలవండి. తాళాలు ఆయన చేతిలో పెట్టి, మీరు వెనక బెంచీలో కూర్చోండి. ఆ తర్వాత ఎవరైనా కాఫీకి పిలిస్తే మూడో కప్పు దాకా ఉండండి.